బాయిని బావి చేసిన సంచిక

మా గోదావరిఖనిలో బొగ్గు గనిని ఎవరూ గని అనరు. బాయి అంటారు. గనిలో ఉద్యోగం బాయి పని. షిఫ్టుకు పోయేవాడు బాయి మీదికి పోతున్న అంటాడు, లోపలికి పోవడాన్ని బాయి దిగుడు అంటాడు. పొలం దగ్గర నీళ్ళ బావిని కూడా బాయి అనే అంటాము గానీ, మాట్లాడేవాడు ఏ బాయి సంగతి చెబుతున్నాడో ఇక్కడ పుట్టిన వాళ్ళెవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఇది తెలియక తప్పు చేసినవాడి మీద నేను కోపం పెట్టుకునేవాణ్ని కాదు. ఆయనకు తెలుసు. అందుకే ఏడాది పాటు ఆ కోపాన్ని చల్లారనివ్వకుండా కాపాడుకున్నాను.

నేను ఇక్కడి విశ్వవిద్యాలయ కళాశాల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. రోజూ డైరీ రాయడం ఉద్యోగంలో చేరిన ఏడాది పట్టుకున్న అలవాటు. ఎండ ఎలా ఉంది, కరెంటు ఎప్పుడు పోయింది, ఎవరు ఇంటికి వచ్చారు, ఏమన్నారు. అంతకు మించిన సంగతులేమీ అందులో ఉండవు. కానీ కోపం వచ్చిన రోజున రాసుకున్నది మరుసటి ఏడు చదివితే అదే వేడితో ఉంటుంది. పెద్దవాళ్ళు కాలం గడిస్తే అన్నీ మరిచిపోతామంటారు. డైరీ రాసేవాడికి ఆ సౌకర్యం లేదు.

మా కాలేజీ వాళ్ళు క్యాంపస్ వార్తలని ఒక చిన్న పత్రిక వేస్తారు. నా కాలంలో అది నోటీసు బోర్డు మీద అంటించే టైపు కాగితం. ఎవరికి డాక్టరేటు వచ్చింది, ఏ జట్టు వాలీబాల్ గెలిచింది, హాస్టల్లో కొత్త బోరు ఎక్కడ వేశారు, అంతే. నేనే టైపు కొట్టేవాణ్ని, నేనే జిగురు రాసి అంటించేవాణ్ని. ఇప్పుడు రంగుల్లో అచ్చవుతుంది, ఫోన్లలోకి కూడా వస్తుంది. దానితో పాటు కొన్నేళ్ళ కింద ‘ఏటి అంశం’ అనే పద్ధతి కూడా వచ్చింది. ప్రతి విద్యా సంవత్సరానికీ ఒక మాట ఎంచుకుంటారు. ఆ ఏడంతా అన్ని శాఖల వాళ్ళూ ఆ మాట మీదే వ్యాసాలు రాయాలి, ప్రదర్శనలు పెట్టాలి, పిల్లల చేత ప్రాజెక్టులు చేయించాలి. ఏటి అంశమంటే ఏరు సంగతా అని మా అక్క అడిగింది. కాదక్కా, ఏడాదికొకటి అని అర్థం అన్నాను. ఆ ఏడు మాత్రం ఆమె అన్నదే నిజమైంది. ఆ సంవత్సరం అంశం ‘నీరు’.

అంశాన్ని నడిపించే కమిటీకి పెద్ద, పత్రికకు సంపాదకుడు ఒక్కరే. ఒక ప్రొఫెసరు. ఆయన మందమర్రి క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు, తండ్రి బాయి పని చేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా సీటు దగ్గరికి వచ్చి, “అన్నా, మాది మందమర్రి, జర నా ఫైలు చూడరాదే” అనేవాడు. నాకు ఆయన మీద ఇష్టంగా ఉండేది. తరువాత పదవులు పెరిగిన కొద్దీ ఆయన మాట మారింది. అన్న పోయి సార్ వచ్చింది, సార్ పోయి పెద్దాయన వచ్చింది. మాట మార్చుకోవడం ఎవరిష్టం వాళ్ళది. నా ఇంటి మాట దాకా రానంతవరకు నాకు పట్టింపు లేదు.

నీటి ఏడు కాబట్టి, పాత రోజుల్లో కాలనీల్లో నీళ్ళకు ఏం చేసేవారో పెద్దవాళ్ళను అడిగి రమ్మని తెలుగు ఎమ్మే పిల్లలను పంపించారు. ఒక అమ్మాయి మా అక్క దగ్గరికి వచ్చింది. అక్క ఇల్లు మా పక్క వీధి. నేనే దగ్గర ఉండి మాట్లాడించాను. ఆ అమ్మాయి ఫోను నేల మీద పెట్టి రికార్డు చేసుకుంది, ఫోటో కూడా తీసుకుంది.

అక్క చెప్పింది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “బాయిలకెల్లి నీళ్లు పంపుతోని బయటికి తోలేటోళ్లు. ఆ కాలువకాడనే బట్టలు పిండుకునేది, ఆ నీళ్లే కాగబెట్టి తాగేది. బాయి నీళ్లతోనే పెరిగినం బిడ్డా. ఆ బాయిలనే మా నాయన సచ్చిపోయిండు.”

“ఎట్ల అమ్మమ్మా?” అని ఆ అమ్మాయి అడిగింది.

“ఎట్లంటే ఏం జెప్పాలె. పైనుంచి బండ కూలింది. సైరన్ మోగంగనే ఆడోళ్లందరు బాయి దిక్కు ఉరికిండ్రు. మా అవ్వ తమ్మున్ని సంకల ఏసుకొని ఉరికింది, ఆమె ఎనుక నేను. ఎవలాయన మీద పడ్డదో ఎవలకు తెల్వది. లోపలికెల్లి తెచ్చి, మొకం మీద గుడ్డ తీసేదాంక అందరికి అందరు ఏడుస్తనే ఉన్నరు.”

అమ్మ చంకలో ఉన్న ఆ తమ్ముణ్ని నేనే. నాకు నాన్న ముఖం జ్ఞాపకం లేదు, ఫోటో లేదు. ఆయన నడక, ఆయన తిట్లు, డ్యూటీ నుంచి వచ్చి గడప మీద కూర్చుని బూట్లు విప్పుకునే తీరు, అన్నీ అక్క చెబితేనే నాకు ఉన్నాయి. నాకున్న నాన్న మొత్తం మా అక్క నోట్లో మాటలే. అందులో ఒక్క మాట మార్చినా నాకు మనిషి మారిపోతాడు.

ఆ ప్రొఫెసరు మార్చాడు. ఒక్క అక్షరం.

పత్రిక అచ్చయి వచ్చినప్పుడు ఆ అమ్మాయే రెండు ప్రతులు తెచ్చి ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఎందుకంత తొందరో అప్పుడు నాకు తెలియలేదు. మొదటి పేజీలో అక్క ఫోటో పెద్దగా వేశారు. అక్క అరుగు మీద కూర్చుని, కొంగు సరిచేసుకుని, చదువు అన్నది. నేను ముందుగా చూసుకోకుండా పైకి చదవడం మొదలుపెట్టాను. “మేము బావి నీళ్ళతోనే పెరిగాము. ఆ బావిలోనే మా నాన్న మరణించారు.” అక్కడ ఆగిపోయాను. దాని కింద మరో పెద్దావిడ చెప్పిన కుళాయి సంగతి మొదలైంది. బండ కూలిన మాట లేదు, సైరన్ లేదు.

“ఏందిరా, ఆగినవ్?” అన్నది అక్క.

“అయిపోయిందక్కా.”

“మళ్ల సదువు.”

మళ్ళీ చదివాను. అక్క చాలాసేపు తన ఫోటోనే చూసింది. తరువాత అడిగింది. “మా నాయన నీళ్ల బాయిల పడి సచ్చిండని ఏసిండ్రా?”

ఈ మాట బయటివాళ్ళకు చిన్న అచ్చుతప్పు. మా దగ్గర ఒక మనిషి బావిలో పోయాడంటే, అది కాలు జారి అని ఎవరూ అనుకోరు. దూకాడనే అనుకుంటారు. అందులోనూ మాది చర్చికి పోయే కుటుంబం. అలా పోయినవాళ్ళకు వెనకటి రోజుల్లో సమాధుల దొడ్లో గోడవారన వేరే చోటిచ్చేవారు. నాన్న సమాధి నడిమి వరసలో ఉంది. ఏటేటా ఈస్టరుకు ముందు అక్కే దగ్గరుండి దానికి సున్నం వేయిస్తుంది.

ఆ ఆదివారం ఆరాధన అయి చెప్పులు వేసుకుంటుంటే, అక్క ఈడు ఆవిడ ఒకామె దగ్గరికి వచ్చింది. “ఏమక్కా, ఇన్నేండ్ల సంది బండ పడ్డదంటివి. పేపర్ల గట్ల ఏసిండ్రేంది?” అన్నది. ఆమె గొంతులో జాలి కూడా ఉంది, అది ఇంకా కష్టం. వెనకున్న ఇంకొకామె, “అదే బాయి నీళ్లు తాగిండ్రా మరి?” అన్నది.

అక్క చెప్పులు తొడుక్కుని నా చేయి పట్టుకుని బయటికి నడిచింది. ఆటోలో కూర్చున్నాక నాతో అన్నది. “ఇగ నడిమి వరసల ఎట్ల పెట్టిండ్రని గూడ అడుగుతరు.” ఇంటి ముందు దిగేటప్పుడు, “ఆ సారు ఎట్ల ఏసిండో గట్లనే దిద్ది తిరిగి ఏపియ్యి,” అన్నది.

మరునాడు పోయాను. గేటు దగ్గరే ఆగాను. నీటి ప్రదర్శన కోసం గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో మనిషంత ఎత్తున మా అక్క, కింద ఆ రెండు వాక్యాలు. దాని కిందనే ఎవరో స్కూటర్ ఆపుకుని ఫోనులో మాట్లాడుకుంటున్నారు. ఆ ఎమ్మే అమ్మాయి లోపల కనిపించింది. నేను అడగక ముందే, “నేను బాయి అనే రాసిన తాతా. బండ కూలింది గూడ రాసిన. సార్ దిద్దిండు,” అన్నది.

ప్రొఫెసరు గది చల్లగా ఉంది. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. చెప్పింది విన్నాడు. తరువాత, “చూడండి పెద్దాయనా, మాండలికాన్ని ప్రమాణ భాషలోకి తేవడం మా పత్రిక నియమం. బాయి అనే మాట ప్రమాణ భాషలో లేదు. బావి అనే రాయాలి,” అన్నాడు.

“గని అని రాయొచ్చు గదా సార్.”

“ఈ ఏడు అంశం నీరు కదండీ. బావి అయితే అంశానికి అతుకుతుంది. స్థలం కూడా చూసుకోవాలి.”

“మా నాయన సావు మీ అంశానికి అతకాలెనా సార్?”

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, పిల్లవాణ్ని సముదాయించినట్టు. సరిగ్గా అప్పుడే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టు గనిలో పేల్చే పేలుడు, మా ఊళ్ళో రోజూ ఉండేదే. ఆయన మాట ఆపలేదు, కిటికీ వైపు చూడలేదు, కానీ చేయి దానంతట అదే వెళ్ళి టీ కప్పు మీద మూతలా నిలబడింది. క్వార్టర్లలో తల్లులు పిల్లలకు అన్నం పళ్ళెం దగ్గర నేర్పే పని అది, పేలుడు దుమ్ము పడకుండా. ఆ చేయి బాయి అంటే ఏమిటో తెలిసిన చేయి. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

“సవరణ వేయండి సార్. చిన్నది చాలు,” అన్నాను. అది నేను చేసిన ఆఖరి బతిమాలుడు.

“సవరణ వేస్తే తప్పు చేశామని మేమే రాసిచ్చినట్టవుతుంది. తనిఖీ కమిటీ రాబోతోంది.” ఆయన కప్పు మీద నుంచి చేయి తీసి టీ తాగాడు. “అయినా మీ అక్కగారికి చదువు రాదు కదా. ఎవరో చదివి వినిపిస్తేనే ఆమెకు తెలిసింది. మీరు వినిపించకుండా ఉండాల్సింది.”

నేను లేచి, నమస్కారం పెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చాను. ఆ రోజు డైరీలో ఎండ సంగతి లేదు, కరెంటు సంగతి లేదు. ఆయన చివర అన్న మాట ఒక్కటే ఉంది.

ఆ తరువాత నేను చేసిన పని చాలా తేలిక. మర్యాదగా ఉండటం. నెలకొకసారి క్యాంపస్‌కు పోయి పత్రిక తెచ్చుకునేవాణ్ని. ఆయన ఎదురైతే నేనే ముందు నమస్కారం పెట్టేవాణ్ని, సంచిక బాగుంది సార్ అనేవాణ్ని. పండుగలకు ఫోనులో శుభాకాంక్షలు పంపేవాణ్ని. ఆయన మనసులో ఆ సంగతి ముగిసిపోయింది. ముగిసిపోవాలనే నేను కోరుకున్నాను. మా పాస్టరుగారు ఆ ఏడు క్షమాపణ మీద చాలా ప్రసంగాలు చేశారు. నేను ముందు బెంచీలో కూర్చుని అన్నీ విన్నాను. ఒక్కదానికి కూడా మెత్తబడలేదు. పక్కన అక్క కూడా మెత్తబడలేదని ఆమె గొంతు సవరించుకున్న తీరులోనే తెలిసేది.

కొత్త విద్యా సంవత్సరం అంశం ‘మూలాలు’ అని ప్రకటించారు. పత్రికలో ఆ మాట చూసినప్పుడు నాకు ఆకలి వేసినట్టయింది.

ఆ ఏడు చివర్లో ప్రొఫెసరుకు క్యాంపస్ మొత్తానికి పెద్ద పదవి వచ్చింది. మూలాల ఏడు కాబట్టి ముగింపు సభలోనే ఆయన సన్మానం, దానికి మందమర్రి నుంచి ఆయన తల్లిని పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టడం, అన్నీ కమిటీ వాళ్ళు అనుకున్నారు. వేదిక మీద వ్యక్తి పరిచయం చదవడానికి ఒక మనిషి కావాలి. నా ఉద్యోగ కాలమంతా ఆ కాలేజీలో పరిచయాలు, వందన సమర్పణలు రాసి చదివింది నేనే. ఆఫీసు వాళ్ళు నాకే ఫోను చేశారు.

“సార్ గూడ మీరే సదవాలె అన్నరు కాకా,” అన్నాడు ఫోను చేసిన గుమాస్తా. “మీ గొంతు మంచిగ ఇనవడ్తదట.”

ఆయన గదికి పోయి, రాసిచ్చిన వివరాల కాగితం తీసుకున్నాను. చదువులు, పదవులు, విదేశీ సదస్సులు. పుట్టుక గురించి శ్రామిక కుటుంబంలో జన్మించి అని రెండు మాటలు. “సార్, మూలాలు కదా అంశం. నాన్నగారి గురించి నాలుగు వాక్యాలు వేయనా?” అని అడిగాను.

ఆయన ముఖం నిజంగానే వెలిగింది. “వేయండి పెద్దాయనా. అమ్మ సంతోషిస్తుంది. ప్రమాణ భాషలో ఉండేట్టు చూడండి, పత్రికలో కూడా వేస్తాము.”

“తప్పకుండా సార్,” అన్నాను. ఇంటికి వస్తుంటే ఆటోలో నాలో నేనే నవ్వుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసి, “ఏంది తాతా, లాటరీ తగిలిందా?” అన్నాడు.

సభ రోజు హాలు నిండింది. విద్యార్థులు, వాళ్ళను చూడవచ్చిన తల్లిదండ్రులు, పెన్షనర్ల సంఘం నుంచి పిలిచిన పాత బాయి పనివాళ్ళు. ఎండకు తలుపులన్నీ తీసి పెట్టారు. ముందు వరసలో ప్రొఫెసరు తల్లి, తెల్ల చీర, చేతిలో మడిచిన రుమాలు. కొడుకు వైపు చూసిన ప్రతిసారీ ఆమె రుమాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతోంది. మా అక్కను రమ్మంటే రాలేదు. నువ్వు చూసొచ్చి చెప్పు అన్నది.

చదువులు, పదవులు నెమ్మదిగా, స్పష్టంగా చదివాను. చప్పట్లు వచ్చాయి. తరువాత పేజీ తిప్పాను.

“వీరి తండ్రిగారు తమ ఉద్యోగ జీవితమంతా బావిలో గడిపారు. ప్రతిరోజూ ఉదయం తలకు దీపం కట్టుకొని బావిలోకి దిగేవారు.”

వెనక వరసల్లో ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. నేను ముఖం కదల్చలేదు.

“మధ్యాహ్న భోజనం బావిలోనే చేసేవారు. బావిలో వారికి ఎంతో మంచి పేరు ఉండేది.”

పెన్షనర్లలోంచి ఒక ముసలాయన గొంతు లేచింది. “తాడేసుకొని దిగెటోడా సారూ?” హాలు గొల్లుమంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వేదిక మీద ప్రొఫెసరు ముఖంలో నవ్వు ఇంకా పోలేదు, కానీ కళ్ళు నా కాగితం మీదికి వచ్చాయి.

“చివరకు వయసు మీరడంతో బావి నుండి పదవీ విరమణ పొందారు,” అన్నాను.

ఆయన తల్లి లేచి నిలబడింది. నవ్వుతూ కాదు, కోపంగా కాదు. తప్పు చెబుతున్న బడిపంతులును దిద్దినట్టు, “ఓ సారూ, బావేంది? మా ఆయనకు ఈత గూడ రాదు,” అన్నది.

ఆ నవ్వుకు హాలు పైకప్పు రేకులు కదిలాయనిపించింది. ప్రొఫెసరు లేచి వచ్చి నా ముందున్న మైకు తన వైపుకు తిప్పుకున్నాడు. “బావి కాదు. పొరపాటున చదివారు. బాయి, బొగ్గు బాయి,” అన్నాడు.

ఏడాది పాటు నేను ఎదురుచూసిన మాట అదే. ఆయన నోటి నుంచి, మైకులో, వాళ్ళ అమ్మ ముందర.

మైకును మళ్ళీ నా వైపుకు తెచ్చుకున్నాను. “పొరపాటు కాదు సార్. బాయి అనే మాట ప్రమాణ భాషలో లేదని, బావి అనే రాయాలని నిరుడు మీ గదిలో మీరే చెప్పారు. అందుకే అలా రాశాను.” నవ్వు ఒక్కసారిగా తగ్గిపోయింది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ తరువాతది కాగితంలో లేదు. “నిరుడు నీళ్ల సంచికల మా నాయన గూడ గిట్లనే బావిల సచ్చిపోయిండు సార్. ఆయన మీద బాయిల బండ కూలింది. మా నాయనకు గూడ ఈత రాదు.”

ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసరు నా వైపు చూడలేదు, తల్లి వైపు చూశాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది. మైకు అవసరం లేకుండానే ఆమె మాట అందరికీ వినిపించింది.

“ఆయన నాయన గూడ బాయిలనే సచ్చిండా? మరి నువ్వెందుకురా గట్ల రాసినవ్? మీ నాయన సంగతి గూడ గట్లనే రాస్తుంటివా?”

ఎవరో పెద్దలు కల్పించుకుని శాలువా తెప్పించారు. కార్యక్రమం ఎలాగో ముగిసింది. నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఆమె మీద కలిగింది, అది వేరు. పోయేటప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చి, “మీ అక్కను అడిగిన అని చెప్పు బిడ్డా,” అన్నది.

భోజనాల దగ్గర ప్రొఫెసరు పక్కకు పిలిచాడు. “నా ఒక్కడికి చెప్పాల్సింది అందరి ముందరా చెప్పారు సార్,” అన్నాడు. పెద్దాయన పోయి మళ్ళీ సార్ వచ్చింది.

“మీ ఒక్కరికి చెప్పడానికి నిరుడు వచ్చిన సార్. మీరు గేటుకు ఫ్లెక్సీ కట్టిండ్రు. నేను హాల్లనే చెప్పిన,” అన్నాను. వెళ్ళి అన్నం పెట్టించుకుని కడుపునిండా తిన్నాను. పప్పు బాగుంది. ఇది కూడా డైరీలో రాసుకున్నాను.

తరువాతి క్యాంపస్ వార్తల్లో సవరణ వచ్చింది. చివరి పేజీలో వాలీబాల్ ఫలితాల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. గత సంవత్సరం నీరు సంచికలో బావి అని ఉన్నచోట బాయి, అనగా గని, అని చదువుకోవలసిందిగా మనవి. నేను గెలిచాననుకున్నాను. మళ్ళీ అదే అరుగు మీద అక్కకు చదివి వినిపించాను. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

“ఎవల నాయనని ఏసిండు?” అన్నది.

“పేరు ఏయలేదక్కా.”

“బండ కూలిందని ఏసిండా?”

“లేదు.”

“నా ఫోటో?”

“లేదు.”

ఆమె ఇంకో కాయ ఈనె తీసి గిన్నెలో వేసింది. “అబద్ధానికేమో నా ఫోటో ఏసి గేటుకు కట్టిండు. నిజానికి ఎందుకు కట్టడు? ఎట్ల ఏసిండో గట్లనే అన్న గదరా నేను.”

“రేపు పోయి అడుగుత అక్కా.”

“నువ్వు వద్దు. నువ్వు మంచిగ మాట్లాడి వస్తవ్. నేనే వస్త.”

నేను ఏడాది పాటు నడిపించిన పగ ఆమెకు మంచి మాటలాగా కనిపించింది.

మరునాడు అక్క చర్చికి కట్టే చీర కట్టుకుని, తల దువ్వుకుని, సంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని బయలుదేరింది. గేటు దగ్గర ఆటో ఆపించి, నిరుడు ఫ్లెక్సీ కట్టిన ఇనుప చట్రాన్ని చూసింది. అది ఖాళీగా ఉంది. “జాగా ఉన్నది,” అన్నది.

ప్రొఫెసరు మమ్మల్ని చూసి లేచాడు. “మీరెందుకు వచ్చారమ్మా, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా,” అన్నాడు.

“ఫోటో దిగుదామని వచ్చిన బిడ్డా,” అని అక్క ఆయనకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. “మొన్నటి దాంట్ల నా మొకం మంచిగ రాలే. ఈసారి మంచిగ తియ్యిమను. కింద మా నాయన సంగతి నేను చెప్పినట్టే రాయాలె, బండ కూలిందని. గేటు కాడ జాగా చూసొచ్చిన.”

“ఫోటోగ్రాఫర్ ఈ రోజు రాలేదమ్మా.”

“రేపొస్తడా?”

“చెప్పలేనమ్మా.”

“ఫికర్ లేదు. వచ్చేదాంక ఈడనే కూసుంట. నాకేం డ్యూటీ ఉన్నదా.” సంచిలోంచి డబ్బా తీసి, ఆయన కాగితాలను కొంచెం పక్కకు జరిపి, బల్ల మీద పెట్టింది. మూత తీసింది. చిక్కుడుకాయ కూర వాసన ఆ చల్లటి గదంతా నిండింది. ఆయన టీ కప్పు డబ్బా పక్కనే ఉంది. ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

అద్దాలు గలగలమన్నాయి. మధ్యాహ్నపు పేలుడు. అక్క చేయి డబ్బా మీదికి, ఆయన చేయి కప్పు మీదికి ఒక్కసారే వెళ్ళాయి.

అక్క ఆ చేతిని చూసింది. ఆయన ముఖం చూసింది.

“బాయి బిడ్డవే గద,” అన్నది.

ఆయన కప్పు మీద నుంచి చేయి తీసి, ఫోను అందుకుని, ఫోటోగ్రాఫరును పిలిచాడు.